ఆ అరగంట కోసం

న్యూజెర్సీలో ఎడిసన్ ఊరు తెలుగువాళ్లకు పరాయిది కాదు. ఓక్ ట్రీ రోడ్డు పొడవునా చీరల దుకాణాలు, నగల కొట్లు, మిఠాయి అంగళ్లు, వాటి మధ్య మన టిఫిన్ హోటళ్లు. ఆ రోడ్డుకు కాస్త ఎడంగా ఉన్న ఒక ఇంటి బేస్‌మెంట్‌లో, ఆగస్టు ఆదివారం మధ్యాహ్నం పది పన్నెండు మంది చాపల మీదా మడత కుర్చీల్లోనూ సర్దుకుని కూర్చున్నారు. గోడకు తెల్లబోర్డు. దాని నట్టనడుమ ‘7:15 – 7:45’ అని రాసి చుట్టూ గీత గీశారు. మిగతా బోర్డంతా ఖాళీ. అక్టోబరులో చేయబోయే వార్షిక విందు సాయంత్రపు ఏర్పాట్ల మీద ఇది మొదటి సమావేశం.

భారతదేశంలో పల్లె బడులకు, రైతు సంఘాలకు, ఆరోగ్య కార్యకర్తలకు చేయూతనిచ్చే చిన్న స్వచ్ఛంద బృందం ఇది. జీతం తీసుకునే మనిషి ఒక్కరూ లేరు. ఫార్మసిస్టులు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు, ఒక నర్సు, రిటైరైన లెక్కల మాస్టారు, దగ్గర్లోని రట్గర్స్ విశ్వవిద్యాలయంలో చదివే పిల్లలు. తెలుగువాళ్లు ఎక్కువే గానీ తమిళులు, గుజరాతీలు, మరాఠీలు కూడా ఉన్నారు. ఏటా ఒక అతిథిని పిలిచి, ఆ అతిథి చుట్టూ ఒక పూట భోజనం ఏర్పాటు చేస్తారు. ఆ పని ఎలా చేస్తారో మొదటి నుంచీ చివరిదాకా చూడాలని వెళ్లాను.

విందు అంటే వంటకాల జాబితాతో మొదలవుతుందని అనుకుంటాం. వీళ్లు అతిథి మాట్లాడే అరగంటతో మొదలుపెడతారు.

“భోజనానికి మంచి హోటళ్లు ఈ రోడ్డు మీద బోలెడున్నాయండీ” అన్నారు సమన్వయం చూసే గుంటూరు ఫార్మసిస్టు. “మా దగ్గరికి జనం రావాల్సింది అతిథి మాట వినడానికి. ఆ అరగంట నిలబడితే కూరలో ఉప్పు తగ్గినా సర్దుకోవచ్చు. అదే చెడితే ఎన్ని కూరలు చేసీ లాభం లేదు.”

ఆ సాయంత్రానికల్లా బోర్డు నిండింది. నింపిన తీరు మాత్రం వెనక నుంచి ముందుకు. 7:15కు ప్రసంగం మొదలవ్వాలంటే 7:10కి వంటగదిలో చప్పుళ్లు ఆగాలి. అందుకు 6:30కే టిఫిన్ చేతికందాలి. అందుకు 6:00కు తలుపులు తెరవాలి. అంటే బల్లలు 4:30కి సర్దాలి. ఆకలితో ఉన్నవాళ్లు వినలేరు, కడుపు నిండినవాళ్లు మేలుకోలేరు. అందుకే ముందు తేలికగా టిఫిన్, తర్వాత ప్రసంగం, ఆ తర్వాతే అసలు భోజనం. రాత్రి 10కల్లా విందు జరిగే బడి భవనం ఖాళీ చేయాలి కాబట్టి 9:00కు పెరుగన్నం దగ్గరికి రావాలి. ఇదంతా ఒక తెల్లకాగితం మీదికి ఎక్కి, ప్రతి వరసకూ ఎదురుగా ఒక మనిషి పేరు చేరింది. ఒకే గంటలో ఒకే మనిషికి రెండు పనులు పడకూడదన్నది వీళ్ల మొదటి నియమం.

పాత తోవ

తింటూ వినడమనే ఈ పద్ధతికి అమెరికాలో లోతైన వేళ్లున్నాయి. 1905 ఫిబ్రవరి 23న షికాగోలో పాల్ హారిస్ అనే న్యాయవాది మరో ముగ్గురితో కలిసి మొదలుపెట్టిన రోటరీ, సభ్యుల కార్యాలయాల్లో వంతులవారీగా కలుసుకోవడం నుంచే ఆ పేరు తెచ్చుకుంది. వారం వారం ఒక భోజనం, ఒక వక్త అన్న అలవాటు దాని క్లబ్బుల ద్వారా ఊరూరా స్థిరపడింది. భారతీయ విద్యార్థులు ఇక్కడ సేవా సంఘాలు కట్టుకున్నప్పుడూ ఈ దారే పట్టారు. 1991లో మేరీలాండ్ విశ్వవిద్యాలయంలో చదువుతున్న రవి కూచిమంచి తోటి విద్యార్థులతో కలిసి అసోసియేషన్ ఫర్ ఇండియాస్ డెవలప్‌మెంట్‌ను ప్రారంభించారు. అదే ఏడాది బర్క్‌లీలో ఆశా ఫర్ ఎడ్యుకేషన్ పుట్టింది. ఈ రెండింటినీ నడిపేది వలంటీర్లే. దేశం నుంచి కార్యకర్తలు వచ్చినప్పుడు వాళ్లను ఇళ్లలో ఉంచుకోవడం, నలుగురినీ పోగుచేసి వాళ్ల మాట వినిపించడం ఇలాంటి బృందాలన్నిటికీ అలవాటైన పని.

మనకు మన తోవ కూడా ఉంది. కృష్ణా జిల్లా ముదునూరులో 1940లో నాస్తిక కేంద్రం స్థాపించిన గోరా, సరస్వతీ గోరా దంపతులు కులం గోడలు కూలాలంటే అందరూ ఒకే వరసలో కూర్చుని తినాలని సహపంక్తి భోజనాలు జరిపారు. పక్కపక్కన తిన్నవాళ్లు ఒకరి మాట ఒకరు కొట్టిపారేయడం కష్టం. ఎడిసన్ బృందంలోని లెక్కల మాస్టారు ఈ సంగతి ఎత్తి, బల్లల దగ్గర ఎవరి పక్కన ఎవరు కూర్చోవాలన్నది అలంకారం కాదని, కార్యక్రమంలో సగం పని అదేనని అన్నారు. ఆయన మాట నాకు నిజమనిపించింది.

అతిథి ఎవరు?

ఈ ఏటి అతిథి అనంతపురం జిల్లాకు చెందిన ఒక మహిళా రైతు. వేదికలకు అలవాటైన మనిషి కాదు. ఊళ్లో ఆడవాళ్ల సంఘంతో కలిసి పాత విత్తనాలు కూడబెట్టి పంచుతుంది. ఆమెకన్నా పేరున్నవాళ్లు జాబితాలో ఉన్నారు. వాళ్లను కాదని ఈమెను ఎంచుకోవడానికి బృందం పెట్టుకున్న గీటురాయి ఒక్కటే: చెప్పే పని తన చేతుల మీదుగా జరిగి ఉండాలి.

ఎంచుకున్నాక అసలు పని మొదలవుతుంది. పాస్‌పోర్టు, వీసా అపాయింట్‌మెంటు, ఆహ్వాన పత్రం, విమానం టికెట్టు, ప్రయాణ బీమా. నెలల ముందే కదలాలి కాబట్టి ఈ వరస ఫిబ్రవరిలోనే ప్రారంభమైంది. బి-1, బి-2 వీసాల మీద వచ్చేవాళ్లకు ప్రసంగానికి పారితోషికం ఇవ్వడంలో అమెరికా చట్టం గట్టిగా ఉంటుంది. 1998 నాటి సవరణ ప్రకారం విశ్వవిద్యాలయాలు, వాటితో ముడిపడిన సంస్థలు, పరిశోధనా సంస్థల్లాంటి చోట్లే అది కుదురుతుంది. అక్కడైనా ఒక్కో సంస్థలో 9 రోజులు మించకూడదు, ఆరు నెలల్లో 5 సంస్థలకు మించి తీసుకోకూడదు. ఇలాంటి విందు బృందం ఆ కోవలోకి రాదు. కాబట్టి రానుపోను ఖర్చు, బస, భోజనం మాత్రమే భరిస్తారు. ఆ ఖర్చును కూడా రైతుల పనికని వచ్చిన విరాళాల్లోంచి తీయరు. పాత సభ్యులు కొందరు విడిగా వేసుకుంటారు.

సెప్టెంబరులో అతిథితో ఫోను సమావేశానికి నేనూ కూర్చున్నాను. అప్పుడు అక్కడ పొద్దున్న, ఇక్కడ రాత్రి. తొమ్మిదిన్నర గంటల తేడా. సమన్వయకర్త ఏమీ చెప్పకముందే అడిగిన ప్రశ్న: “అమ్మా, మీరు ఏం చెప్పాలనుకుంటున్నారు? మీ గురించి ఏం చెప్పకూడదు?”

ఆవిడ రెండో ప్రశ్నకే ముందు జవాబిచ్చింది. ఎండిన చేను ముందు నిలబెట్టి తీసిన ఫొటోలు వాడొద్దంది. “మేము ఏడస్తా కూసోలేదు. పని జేస్తా ఉండాం. పని జేసేటప్పుటి బొమ్మలు ఏయండి” అంది. కరపత్రంలో ఆ బొమ్మలే వచ్చాయి.

ఇంకో మాట కూడా ఆ ఫోనులోనే తేలింది. ఒక్కసారి వచ్చే లక్ష రూపాయల కన్నా మూడేళ్ల పాటు వరసగా వచ్చే ముప్పై వేలు తమ సంఘానికి మేలని చెప్పింది. విత్తనాల గది ఒక్క ఏడాదిలో నిలబడదు. మొదటి ఏడు తీసుకున్నవాళ్లు రెండో ఏడు తిరిగిస్తారు, మూడో ఏడుకు గానీ గాదె నిండదు. ఆ మాటతో అచ్చుకు సిద్ధంగా ఉన్న విరాళాల కార్డు మారిపోయింది. ఒకసారి ఇచ్చే మొత్తాలకు పైన, పెద్దక్షరాల్లో ‘మూడేళ్లు, నెలనెలా’ అన్న గడి చేరింది. ఏ విందులోనైనా మొదట వినాల్సింది నిర్వాహకులే. వాళ్లు ముందే విన్నారు కాబట్టి ఆ రాత్రి మిగతావాళ్లు వినగలిగారు.

భాష సంగతి మరో మెట్టు. అతిథి తెలుగులోనే మాట్లాడుతుంది. సభలో సగం మందికి తెలుగు రాదు. అనువదిస్తూ పోతే మాటకు రెట్టింపు సమయం పడుతుంది. అంటే అరగంటలో అతిథి సొంత మాటకు దక్కేది పావుగంటే. ఈ లెక్క ముందే తెలిసినందువల్ల ఏం ఉంచాలో, ఏం వదలాలో ఆవిడే తేల్చుకుంది. అనువాదానికి ఒప్పుకున్నది రట్గర్స్‌లో చదివే అమ్మాయి. ఇక్కడే పుట్టింది. ఆమె తెలుగంతా కడపలోని అవ్వ దగ్గర వేసవి సెలవుల్లో నేర్చిందే. వారానికోసారి అతిథికి ఫోను చేసి ఊడలు దిగడం, పదును, సాలు, కల్లం, గాదె వంటి మాటలన్నీ రాసుకుంది. వాటికి ఇంగ్లీషు మాటలు వెతకడం కన్నా ఆ పనులు ఎలా జరుగుతాయో అడిగి తెలుసుకోవడానికే ఎక్కువ సేపు పట్టిందని నాతో చెప్పింది. మంచి అనువాదకులు చేసే పని సరిగ్గా ఇదే.

వంటగది

విందు శనివారం. శుక్రవారం సాయంత్రం ఒక చర్చి వంటగదిలో కూరగాయలు తరుగుతుండగా వెళ్లాను. ఇళ్లలో వండి తేవడం సులువు, ఖర్చూ తక్కువ. కానీ టికెట్టు పెట్టి జనానికి వడ్డించే భోజనం గనక స్థానిక ఆరోగ్య శాఖను ముందే అడిగి, అనుమతి ఉన్న వంటగదిలోనే వండుతారు. బడి యాజమాన్యం అడిగిన పది లక్షల డాలర్ల బీమా పత్రం కూడా అప్పటికే దాఖలైంది.

వంట పెద్ద ఒక నెల్లూరు ఆవిడ. అందరికీ ఆమె పెద్దక్క. తలకు వల, చేతికి తొడుగులు, మెడలో గొలుసులా వేలాడుతూ ఒక థర్మామీటరు. వంటల జాబితా అతిథి ఊరిని బట్టి కట్టింది: టిఫిన్‌కు ఉగ్గాని, మిరపకాయ బజ్జి. భోజనానికి రాగి సంగటి, గుత్తివంకాయ, ముద్దపప్పు, గోంగూర పచ్చడి, కొర్రన్నం, పులిహోర, రసం, పెరుగన్నం. ఆవిడ మాట్లాడబోయే కొర్రలూ కందులూ విన్నవాళ్ల విస్తట్లోకి రావాలన్నది ఆలోచన. 160 మందికి ఇరవై పౌండ్ల బియ్యం బస్తాలు రెండు. అంటే 18 కిలోల పైచిలుకు. కొర్రలు, సంగటి కూడా ఉన్నాయి కాబట్టి మనిషికి నూట పది గ్రాముల బియ్యం ధారాళంగా సరిపోతుందని ఆమె లెక్క.

థర్మామీటరు సంగతి అడిగాను. “ఒరే నాన్నా, ఆ మూత తియ్యి” అని ఒక కుర్రాడికి చెప్పి, పప్పు గుండిగలో దాన్ని ముంచి చూపించింది. అమెరికా ఆహార నియమావళి ప్రకారం వేడిగా ఉంచే పదార్థం 135 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు, అంటే 57 సెల్సియస్‌కు తగ్గకూడదు. చల్లగా ఉంచేది 41 డిగ్రీలకు, అంటే 5 సెల్సియస్‌కు మించకూడదు. ముందు రోజు వండి చల్లార్చాలంటే మొదటి రెండు గంటల్లో 70 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు, తర్వాతి నాలుగు గంటల్లో 41కి దించాలి. అన్నం విషయంలో మరీ జాగ్రత్త. బాసిల్లస్ సీరియస్ అనే సూక్ష్మజీవి బీజాలు ఉడికినా చావవు. అన్నం గోరువెచ్చగా గంటల తరబడి ఉంటే అవి మొలకెత్తి విషం పుట్టిస్తాయి. తిరిగి వేడి చేసినా ఆ విషం పోదు. అందుకే ఆమె అన్నం ముందు రోజు వండదు. శుక్రవారం తరుగుడు, పొడులు, చింతపండు పులుసు, గోంగూర వరకే. అన్నాలన్నీ శనివారం మధ్యాహ్నం తర్వాతే.

ప్రతి వంటకం ముందూ పెట్టే చీటీలు ఒక గుజరాతీ అబ్బాయి రాస్తున్నాడు. అందులో ఏమేం వేశారో మొత్తం ఉంటుంది. అమెరికా చట్టం ప్రధాన అలర్జీ కారకాలుగా గుర్తించే పదార్థాలు తొమ్మిది. 2023 జనవరి 1 నుంచి నువ్వులు కూడా ఆ జాబితాలో ఉన్నాయి. మన వంటలో నువ్వుల నూనె, వేరుశనగ, జీడిపప్పు, పాలు తెలియకుండానే చేరిపోతాయి. ఇంగువ మరీ తెలియదు. అంగట్లో దొరికే ముద్ద ఇంగువ, పొడి ఇంగువల్లో చాలావాటిలో గోధుమపిండి కలుస్తుంది. గోధుమ పడనివాళ్లకు ఆ పులిహోర ప్రమాదం. అందుకని పెద్దక్క బియ్యప్పిండి కలిపిన ఇంగువ తెప్పించింది. పులిహోరలో పల్లీలు కలపకుండా విడిగా గిన్నెలో పెట్టించింది. జైనుల కోసం ఉల్లి, వెల్లుల్లి లేని పప్పు ఒక గిన్నె వేరుగా ఉంది. “పక్కవాళ్లు తింటుంటే ఒకరు ఊరికే కూర్చోకూడదు గదా” అంది. తెలిసి చేసే ఇలాంటి జాగ్రత్తే మర్యాద.

డబ్బు లెక్క

లెక్కలు చూసేది ఒక తమిళ యువతి. ఆదాయపు పన్ను నియమాలు ఆమెకు కొట్టినపిండి. విద్యార్థులకు 20 డాలర్లు, మామూలు టికెట్టు 40, పోషకుల టికెట్టు 100. ఆ వందలో భోజనం విలువ 25 అనుకుంటే, దాత పన్ను మినహాయింపు అడగగలిగేది మిగతా 75కే. చెల్లింపు 75 డాలర్లు దాటి, బదులుగా ఏదైనా ఇచ్చినప్పుడు ఆ విలువ ఎంతో సంస్థ రాతపూర్వకంగా చెప్పి తీరాలి. 250 డాలర్లు, ఆపైన ఇచ్చినవాళ్లకు రసీదు పత్రం తప్పనిసరి. ఇవన్నీ టికెట్టు వెనకే అచ్చువేసింది. వలంటీర్లు సొంత కార్లలో తిరిగిన దూరం కూడా రాసుకోమంటుంది. ఖర్చులు విడివిడిగా చూపేవాళ్లకు సేవా పని కింద మైలుకు 14 సెంట్లు లెక్కకు వస్తాయి. లాటరీ చీటీలు అమ్మితే డబ్బు తేలిగ్గా వస్తుందని ఎవరో అన్నారు. న్యూజెర్సీలో స్వచ్ఛంద సంస్థలైనా దానికి రాష్ట్రం దగ్గర నమోదు, ఊరి లైసెన్సు తీసుకోవాలి. ఆ శ్రమ అతిథి మీద పెట్టడం మేలని వదిలేశారు.

డబ్బు ఇక్కడ పోగైతే సరిపోదు, అక్కడికి చేరాలి. భారతదేశంలో అందుకునే సంస్థకు విదేశీ విరాళాల నియంత్రణ చట్టం కింద నమోదు ఉండాలి. 2020 సవరణ తర్వాత ఆ డబ్బు మొదట స్టేట్ బ్యాంకు వారి న్యూఢిల్లీ ప్రధాన శాఖలోని ఖాతాకే రావాలి. ఒక సంస్థ అందుకున్న దాన్ని మరో సంస్థకు పంచడం కుదరదు. కార్యాలయ ఖర్చులకు వాడుకోగలిగే వాటా 50 శాతం నుంచి 20 శాతానికి తగ్గింది. చిన్న ఊరి సంఘాలకు నేరుగా పంపడం దీంతో కష్టమైంది. ఈ పత్రాలన్నీ సరిచూశాకే అతిథి సంఘాన్ని విందుకు ఎంచుకున్నారు. వేదిక మీద మాటిచ్చి, తర్వాత పంపలేకపోవడం ఆ రైతుల్ని నమ్మించి వదిలేయడమే అవుతుందని ఆ అమ్మాయి అన్నప్పుడు గదిలో ఎవరూ వాదించలేదు.

ఆ సాయంత్రం

శనివారం బడి భోజనశాలలో ఎనిమిదేసి మంది కూర్చునే ఇరవై గుండ్రటి బల్లలు. ప్రతి బల్లకూ ఒక వలంటీరు. పేర్లు కలపడం, కొత్తవాళ్లను మాటల్లోకి తీసుకురావడం వాళ్ల పని. మొగుడూపెళ్లాలు తప్ప ఒకే సంస్థలో పనిచేసేవాళ్లను, ఒకే కాలనీవాళ్లను ఒక బల్ల దగ్గర పెట్టలేదు. ఏడేళ్ల లోపు పిల్లలకు పక్క గదిలో ఇద్దరు విద్యార్థులు విత్తనాలతో ముగ్గులేయించే ఆట పెట్టారు. జొన్నలు, కందులు, రాగులు, ఆముదాలు పళ్లేల్లో వేరువేరుగా ఉన్నాయి. పిల్లలు ముందు ఏది ఏదో గుర్తుపట్టాలి, ఆ తర్వాతే ముగ్గు. విత్తనాలు నోట్లో పెట్టుకోకుండా ఒకరు కనిపెట్టుకునే ఉన్నారు.

అతిథి మంగళవారమే చేరింది. ప్రయాణపు బడలిక తీరడానికి నాలుగు రోజులు ముందే పిలిపిస్తారు. పెద్దక్క ఇంట్లో ఉంది. మధ్యలో ఒకరోజు ఇక్కడి కూరగాయల రైతు పొలానికి తీసుకెళ్లారు. గురువారం ఖాళీ హాల్లోకి తీసుకొచ్చి మైకు ముందు నిలబెట్టి, అనువాదానికి ఆగే చోట్లు కూడా చూసుకున్నారు.

7:10కి బడి వంటగదిలో పొయ్యిలు ఆపారు. వంటగది తలుపు మూసి, వండినవాళ్లందరూ వచ్చి వాళ్ల కోసం అట్టేపెట్టిన బల్ల దగ్గర కూర్చున్నారు. ఈ ఏర్పాటు నన్ను అన్నిటికన్నా ఎక్కువగా కదిలించింది. చాలాచోట్ల వండేవాళ్లకు వేదిక మీద ఎవరున్నారో కూడా తెలియదు. ఇక్కడ వండినవాళ్లే మొదటి శ్రోతలు.

అతిథిని పరిచయం చేయడానికి పట్టింది ఒకటిన్నర నిమిషం. సన్మానాలు, శాలువాలు, దాతల పేర్ల పఠనం ఏవీ లేవు. ఆవిడ లేచి, అనువదించే అమ్మాయి భుజం మీద చెయ్యేసి మొదలుపెట్టింది.

“మాది వాన తక్కువ సీమ. నాలుగెకరాల్లో శెనక్కాయ ఒగటే ఏస్తాంటిమి. ఊడలు దిగేటప్పుడు వాన రాకపాయెనా, ఏడాదంతా పాయె” అంది. తర్వాత తన చేనును సాళ్లు సాళ్లుగా చెప్పుకొచ్చింది. కంది, కొర్ర, అలసంద, జొన్న, ఆముదం కలిపి వేయడం. తొలకరికి ముందే, మట్టి, బూడిద, బీజామృతం పట్టించిన విత్తన గుళికలను పొడి నేలలోనే చల్లడం. కొద్దిపాటి జల్లుకే నేల పచ్చగా కప్పుకోవడం. ఆంధ్రప్రదేశ్‌లో ప్రకృతి సేద్యం కార్యక్రమం కింద రైతులు కొన్నేళ్లుగా చేస్తున్న పద్ధతే ఇది. వేరుశనగ ఒక్కటే వేసిన చేనుకు ఒక్క వానే దిక్కు. ఐదు పంటల చేనులో ఒక వాన తప్పినా మరో పంట అందుకుంటుంది. కంది వేరు లోతుకు పోతుంది, కొర్ర తొందరగా కోతకొస్తుంది. ఖాళీ నేల మీద నిప్పులు చెరిగే ఎండకు తేమ నిలవదని, ఆకు కప్పిన నేల చల్లగా ఉంటుందని చెప్పింది. విత్తనాలకు కొట్టుకు పరిగెత్తే అవసరం పోవడం తన దృష్టిలో అన్నిటికన్నా పెద్ద మార్పు అంది.

అమ్మాయి ఒకచోట ఆగింది. ‘పదును’ అన్న మాట దగ్గర. అతిథి తన పిడికిలి చూపించి, “మన్ను ముద్ద గట్టి, వదిలితే పొడిపొడిగా రాలల్ల పాపా” అంది. అమ్మాయి అదే చేతితో అదే చూపించి ఇంగ్లీషులో చెప్పింది. హాల్లో కొందరు తెలియకుండానే పిడికిళ్లు ముడిచి చూసుకున్నారు. 7:44కు ప్రసంగం ముగిసింది.

ప్రశ్నలకు మైకు పెట్టలేదు. మైకు పట్టుకున్నవాళ్లు తామే ప్రసంగించడం ప్రతి సభలోనూ చూస్తాం. దానికి బదులు భోజనం నడుస్తుండగా అతిథి, అనువాదకురాలు కలిసి బల్ల బల్లకూ వెళ్లారు. ఒక్కో చోట ఐదారు నిమిషాలు. అందరి దగ్గరికీ వెళ్లడం సాధ్యం కాదు కాబట్టి మిగతా బల్లలవాళ్లు ప్రశ్నలు చీటీల మీద రాసిచ్చారు. నేను కూర్చున్న బల్ల దగ్గర ఒక కేరళ నర్సు, ఇద్దరు గుజరాతీ అన్నదమ్ములు, స్థానిక గ్రంథాలయంలో పనిచేసే ఒక అమెరికన్ మహిళ ఉన్నారు. ఆ గ్రంథాలయంలో విత్తనాల అరువు పెట్టె ఒకటి ఉందట. వచ్చినవాళ్లు తీసుకెళ్లి నాటుకుని, పంట వచ్చాక కొన్ని తిరిగి తెచ్చి పెడతారు. అతిథి సంఘం చేసేది కూడా అదే. ఆ గ్రంథాలయం ఆవిడా, అతిథీ విత్తనాలు పురుగు పట్టకుండా ఎలా దాస్తారన్న దాని మీద మాట్లాడుకుంటుంటే మిగతా మేమంతా తినడం ఆపి విన్నాం. అతిథి వేపాకు, బూడిద అంది. గ్రంథాలయం ఆవిడ ఫ్రిజ్, గాజు సీసా అంది.

విరాళం మాట ఆ రాత్రి ఒక్కసారే వచ్చింది. పెరుగన్నం వేళ, రెండు నిమిషాలు. సమన్వయకర్త సంఘానికి ఏం కావాలో, ఎందుకు మూడేళ్లు కావాలో చెప్పి, కార్డులు బల్ల మీదే ఉన్నాయని కూర్చున్నారు. అనేక కంపెనీలు ఉద్యోగి ఇచ్చినంత తామూ కలుపుతాయి కాబట్టి ఆ దరఖాస్తు ఎలా నింపాలో తలుపు దగ్గర ఒక విద్యార్థి వివరించాడు. కన్నీళ్లు తెప్పించే వీడియో లేదు. అడగడంలో గౌరవం ఉంటే ఇవ్వడంలోనూ ఉంటుంది.

మర్నాడు

ఆదివారం మధ్యాహ్నం అదే బేస్‌మెంట్‌లో మళ్లీ కూర్చున్నారు. మిగిలిన భోజనం రాత్రే కొలిచి రాసుకున్నారు. కొర్రన్నం అయిపోయింది, పులిహోర రెండు ట్రేలు మిగిలింది. వచ్చే ఏడాది జాబితాకు ఆ లెక్క పనికొస్తుంది. పేరు నమోదు చేసుకుని రానివాళ్లెందరు, చెప్పకుండా వచ్చినవాళ్లెందరు, శబ్దం ఏ మూల సరిగా వినబడలేదు, చీటీల మీది ప్రశ్నలకు జవాబులు ఎవరు రాసి పంపాలి అన్నవన్నీ చర్చించారు. నగదు ఇద్దరు కలిసి లెక్కపెట్టి ఇద్దరూ సంతకం చేశారు. దాతలందరికీ వారంలోగా రసీదు, ఆరు నెలలకు విత్తనాల గది ఎంతవరకు వచ్చిందో ఒక పేజీ నివేదిక అని రాసుకున్నారు.

ఈ లెక్కలన్నీ అయ్యాక సమన్వయకర్త ఒక ప్రశ్న వేశారు: నిన్న విన్నదాంట్లో మీకు గుర్తున్నదేంటి? ఒక్కొక్కరూ చెప్పారు. పిడికిట్లో మట్టి, కంది వేరు, మూడో ఏటికి నిండే గాదె. వంటగదిలో గిన్నెలు కడిగిన కుర్రాడు అలసంద ఎందుకు కలుపుతారో తడబడకుండా వివరించాడు. “వండి, కడిగి, వినకుండా వెళ్లిపోయినవాళ్లు మరుసటి ఏడు రారండీ” అన్నారు సమన్వయకర్త తర్వాత నాతో. “విన్నవాళ్లు వస్తారు.” బృందం నిలబడే కిటుకు అందులోనే ఉంది. వలంటీరు పని చేతులతో మొదలైనా, ఆ పని ఎవరి కోసమో తెలిసినప్పుడే కొనసాగుతుంది.

మన ఊళ్లలో భోజనాలకు కొదవ లేదు. కార్తీక వనభోజనాలు, పూర్వ విద్యార్థుల కలయికలు, నవంబరు 14 నుంచి 20 వరకు జరిగే గ్రంథాలయ వారోత్సవాలు, కాలనీ సంఘాల విందులు. వండే చేతులున్నాయి, వడ్డించే పిల్లలున్నారు. మనకు ఇమిగ్రేషన్ కాగితాలు అక్కర్లేదు, అనువాదకులు అక్కర్లేదు. ఆ పూటలో ఒక అరగంటను వరసగా అరడజను ఉపన్యాసాలకు పంచకుండా, పని చేసిన ఒక్క మనిషికి పూర్తిగా అప్పజెబితే చాలు. మైకు ముందే సరిచూసి, గిన్నెల చప్పుడు ఆపి, వండినవాళ్లను ముందు వరసలో కూర్చోబెట్టాలి. తర్వాత ఆ మనిషి అడిగిన పనిలో ఒక్కటైనా ఏడాది పొడవునా వదలకుండా చేయాలి.

మీ ఊళ్లో చెరువు పూడిక తీయించిన సంఘం నాయకురాలో, మూతపడబోయిన బడిని నిలబెట్టిన పంతులుగారో, పాత వరి వంగడాలు కాపాడుతున్న రైతో ఎవరో ఒకరు తప్పకుండా ఉంటారు. వచ్చే కార్తీకంలోగా వాళ్లింటికి వెళ్లండి. ఏం చెప్పాలనుకుంటున్నారో, ఏం చెప్పవద్దంటారో ముందు అడగండి. ఆ జవాబు విన్నాకే వంటల జాబితా రాయండి.